కీమో ముగిసినా వదలని నిస్సత్తువ, నొప్పులు: దేనికి కారణం ఏది, ఉపశమనం ఎక్కడ

కీమోథెరపీ చివరి సైకిల్ పూర్తయి, స్కాన్‌లో ఏమీ కనబడలేదని డాక్టరు చెప్పాక, ఇంటివాళ్ళకూ బంధువులకూ ఉండే ఆశ ఒక్కటే: నెలా రెండు నెలల్లో మనిషి మునుపటిలా లేచి తిరగాలని. చాలామంది అలా కోలుకుంటారు కూడా. అయితే క్యాన్సర్ చికిత్స ముగించుకున్నవారిలో సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు మందిని తీవ్రమైన నిస్సత్తువ నెలల తరబడి, కొందరినైతే ఏళ్ళ తరబడి వెంటాడుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి. దానికి తోడు అరికాళ్ళ మంటలు, వేళ్ళ తిమ్మిర్లు, కీళ్ళ నొప్పులు. స్కానింగులో ఇవేవీ కనబడవు కాబట్టి "రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయి కదా, ఇంకా ఏమిటి?" అనే ప్రశ్న రోగికి ఇంట్లో ఎదురవుతుంది, ఒక్కోసారి ఆసుపత్రిలోనూ ఎదురవుతుంది. కొన్నాళ్ళకు ఆ మనిషి తనను తానే అనుమానించుకునే స్థితికి వస్తారు.

ఈ బాధ నిజమైనదే. దాని వెనుక శరీరంలో జరిగిన మార్పులు ఉన్నాయి, వాటిలో చాలావాటికి చేయగలిగినదీ ఉంది. చిక్కు ఎక్కడంటే, "కీమో ఎఫెక్ట్" అని అందరం ఒక్క మాటలో తేల్చేసే ఇబ్బందిలో వేర్వేరు కారణాలున్న అయిదారు సమస్యలు కలిసిపోయి ఉంటాయి. ఒకదానికి వాడే మందు రెండోదాన్ని పెంచవచ్చు. ఒకదానికి మేలు చేసే విశ్రాంతి మరొకదానికి కీడు చేయవచ్చు. వీటిని విడివిడిగా గుర్తించకుండా మొదలుపెట్టే బలం మందులు, నరాల బిళ్ళలు చాలావరకు డబ్బు దండగ, కాలహరణం.

నిద్రపోయినా తీరని అలసట

పగలంతా నాట్లు వేసిన మనిషి అలసటకు ఒక లెక్క ఉంటుంది: చేసిన పనికి తగ్గ అలుపు, పోయిన నిద్రకు తగ్గ తెరిపి. కీమో తరువాతి నిస్సత్తువ ఈ లెక్కకు లొంగదు. స్నానం చేసి, తల దువ్వుకుని, బట్టలు మార్చుకునేసరికే మళ్ళీ మంచం మీద వాలిపోవాలనిపిస్తుంది. ఎనిమిది గంటలు పడుకుని లేచినా ఒళ్ళు తేలికపడదు. అలుపు ఒంటికే పరిమితం కాదు. చదివిన పేరానే మళ్ళీ మళ్ళీ చదవాల్సి వస్తుంది, కూరలో ఉప్పు వేశామో లేదో గుర్తుండదు, నలుగురు ఒకేసారి మాట్లాడుతుంటే విసుగు పుడుతుంది.

ఎందుకిలా జరుగుతుందన్నది పూర్తిగా తేలలేదు గానీ, ప్రధానమైన పాయలు కొన్ని స్పష్టంగానే తెలిశాయి. గడ్డ, శస్త్రచికిత్స, కీమో, రేడియేషన్ ఇవన్నీ శరీర రక్షణ వ్యవస్థను రెచ్చగొడతాయి. అప్పుడు సైటోకైన్లు అనే రసాయనాలు విడుదలై మెదడుకు సంకేతాలు పంపుతాయి. వైరల్ జ్వరంలో మనల్ని మంచానికి అతుక్కుపోయేలా చేసేది ఇలాంటి సంకేతాలే. జ్వరం తగ్గగానే అవి ఆగిపోతాయి. చికిత్స ముగిసిన కొందరిలో మాత్రం సన్నగా కొనసాగుతూనే ఉంటాయి. పొద్దున ఎక్కువగా, రాత్రికి తక్కువగా ఉండాల్సిన కార్టిసాల్ హార్మోను లయ తప్పడం రెండో పాయ. మూడోది కండరాలు. నెలల తరబడి కదలిక తగ్గి, సరిగా తినక కండ కరిగిపోతుంది; మిగిలిన కండరంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా కూడా దెబ్బతింటాయి. వాంతులు రాకుండా, అలర్జీ రాకుండా కీమోతో పాటు ఇచ్చే డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్లు ఎక్కువ కాలం వాడాల్సి వచ్చినవారిలో ముఖ్యంగా తొడలు, తుంటి కండరాలు బలహీనపడతాయి. కింద కూర్చుని భోంచేసిన మనిషి చేయి ఊతం లేకుండా లేవలేకపోవడం, బస్సు మెట్టు ఎక్కడానికి కమ్మీ పట్టుకుని ఒంటిని పైకి లాక్కోవాల్సి రావడం దీనికి గుర్తులు. దీన్ని సాధారణ నీరసంగా తీసుకుంటే చికిత్స దారి తప్పుతుంది. దీనికి కావలసింది కండరాలకు బలం తెచ్చే వ్యాయామం.

ముందుగా వెతకాల్సినవి

నిస్సత్తువకు "ఇది కీమో వల్లే" అని ముద్ర వేసే ముందు, సరిచేయడానికి వీలున్న కారణాలను ఒక్కొక్కటిగా వెతకాలి. మొదటిది రక్తహీనత. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవారే. అంటే కీమోకు ముందే తక్కువగా ఉన్న రక్తం, కీమోతో ఇంకా తగ్గుతుంది. హిమోగ్లోబిన్ ఎంతుందో చూసి ఊరుకోకుండా, ఐరన్ నిల్వలు, బి12 కూడా చూడాలి. షుగరుకు ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో, మాంసాహారం ముట్టనివారిలో బి12 తగ్గే అవకాశం ఎక్కువ. బి12 లోపం నీరసాన్నీ తెస్తుంది, కాళ్ళ తిమ్మిర్లనూ తెస్తుంది, రెండూ కీమో లెక్కలో జమ అయిపోతాయి. ఒక రక్తపరీక్షతో తేలిపోయే విషయం నెలల తరబడి మరుగున ఉండిపోవడం బాధాకరం.

తరువాతిది థైరాయిడ్, ముఖ్యంగా మెడ భాగానికి రేడియేషన్ తీసుకున్నవారికీ, ఇమ్యునోథెరపీ (శరీర రక్షణ వ్యవస్థను క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే చికిత్స) తీసుకున్నవారికీ. ఎర్రరంగులో ఉండే కీమో మందు డాక్సోరుబిసిన్ గానీ, ట్రాస్టుజుమాబ్ అనే క్యాన్సర్ మందు గానీ తీసుకున్నవారిలో నాలుగు మెట్లెక్కితే ఆయాసం, పాదాల వాపు, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోవడం ఉంటే గుండె పనితీరును ఎకోతో చూడాలి. అది నిస్సత్తువగా కనిపించే గుండె బలహీనత కావచ్చు. రాత్రి నిద్ర ఎలా ఉందో అడగాలి: కీమోతో ముందుగానే ముట్లు ఆగిపోయిన మహిళలకు ఒళ్ళంతా ఆవిర్లు వచ్చి, చెమటలు పట్టి, గంట గంటకూ మెలకువ వస్తుంది. వాడుతున్న మందుల చీటీ అంతా ఒకసారి తిరగేయాలి. నరాల నొప్పికి ఇచ్చే ప్రెగాబాలిన్, గాబాపెంటిన్, కొన్ని రక్తపోటు మందులు, అలర్జీ మందులు మత్తునూ నీరసాన్నీ తెస్తాయి.

కుంగుబాటును కూడా ఈ జాబితాలో ధైర్యంగా చేర్చాలి. అది నిస్సత్తువతో కలిసి రావచ్చు గానీ రెండూ ఒకటి కావు. నిస్సత్తువ మాత్రమే ఉన్న మనిషికి మనవడితో ఆడుకోవాలని ఉంటుంది, ఒళ్ళు సహకరించదు. కుంగుబాటు ఉన్న మనిషికి ఆడుకోవాలన్న కోరికే ఉండదు. ఈ తేడాను ఇంటివాళ్ళే ముందుగా పసిగట్టగలరు. క్యాన్సర్ తిరగబెడుతుందేమోనన్న భయం, చికిత్సకు చేసిన అప్పు, ఇంటిపనికి పనికిరాకుండా పోయానన్న దిగులు, ఇవన్నీ ఒకరితో మాట్లాడుకోవాల్సినవే. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి-మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులోనే ఉచితంగా సలహా దొరుకుతుంది.

విశ్రాంతి తీసుకో అన్న మాట ఎందుకు సరిపోదు

తెలుగిళ్ళలో రోగి పట్ల ప్రేమ రెండు రూపాల్లో కనిపిస్తుంది: పని చేయనివ్వకపోవడం, పథ్యం పెట్టడం. కీమో జరుగుతున్న రోజుల్లో మొదటిది కొంత అవసరమే. చికిత్స ముగిశాక మాత్రం ఎక్కువగా పడుకోబెట్టడం నిస్సత్తువను పెంచుతుంది. పడుకున్నకొద్దీ కండ తగ్గుతుంది, కండ తగ్గినకొద్దీ చిన్న పని కూడా పెద్ద భారమవుతుంది, భారమైనకొద్దీ ఇంకా పడుకోవాలనిపిస్తుంది. పగలు పడుకోవడం వల్ల రాత్రి నిద్ర కూడా పోతుంది.

2017లో వెలువడిన ఒక పెద్ద విశ్లేషణ 113 అధ్యయనాలను, వాటిలో పాల్గొన్న 11,525 మంది అనుభవాన్ని ఒకచోట చేర్చి చూసింది. క్యాన్సర్ నిస్సత్తువను తగ్గించడంలో వ్యాయామం, మానసిక చికిత్స రెండూ మందుల కంటే స్పష్టంగా మెరుగైనవని తేలింది. ఉత్సాహం తెప్పించే మందులను మామూలుగా అందరికీ రాయడం తగదన్నదే ఇప్పటి మార్గదర్శకాల మాట. ఒక్క మాత్రతో తగ్గిపోవాలని కోరుకునే మనిషికి ఇది నిరాశ కలిగించే సంగతే అయినా, నడకకు డబ్బు పెట్టనక్కర లేదు, పట్నం దాకా వెళ్ళనక్కర లేదు.

ఎంత నడవాలి? అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ ఆధ్వర్యంలో 2019లో నిపుణులు చెప్పిన లెక్క ఇది: వారానికి మూడు రోజులు, రోజుకు అరగంట, ఓ మాదిరి వేగంతో, కనీసం 12 వారాలు. వారానికి రెండు రోజులు కండరాలకు బలం తెచ్చే వ్యాయామం కలిపితే మంచిది. ఓ మాదిరి వేగం అంటే నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడటానికి మాత్రం ఊపిరి చాలకూడదు. అయితే ఇది చేరాల్సిన గమ్యం. మొదటి రోజే అరగంట నడిచి రెండు రోజులు మంచం పట్టినవారు "నడక నాకు పడదు" అని శాశ్వతంగా మానేస్తారు. ఇంటి ముందు వీధిలో అయిదు నిమిషాలతో మొదలుపెట్టి, ఆ అయిదు నిమిషాలు వారం పాటు ఇబ్బంది లేకుండా సాగాక ఇంకో రెండు నిమిషాలు కలపాలి. మన ఎండలకు వేసవిలో ఉదయం ఏడు లోపే ముగించాలి. ఉదయపు వెలుగు కంటికి తగలడం నిద్ర లయను సరిచేయడానికి కూడా ఉపకరిస్తుంది. కండరాల కోసం జిమ్ముకు వెళ్ళాల్సిన అవసరం లేదు. చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు అరచేతులు ఆనించి ఒంటిని ముందుకూ వెనక్కూ కదపడం, లీటరు నీళ్ళ సీసాతో చేయి మడిచి చాపడం చాలు. ఎముకలకు క్యాన్సర్ పాకినవారు, గుండె బలహీనత ఉన్నవారు, ప్లేట్‌లెట్లు బాగా తక్కువగా ఉన్నవారు, రక్తం బాగా తగ్గినవారు డాక్టరును అడిగే మొదలుపెట్టాలి. యోగా అలవాటున్నవారు దాన్ని కొనసాగించవచ్చు. రొమ్ము క్యాన్సర్ నుంచి కోలుకున్న మహిళల్లో యోగా నిస్సత్తువను తగ్గించిందని చూపిన ట్రయల్స్ ఉన్నాయి.

వ్యాయామంతో సమానంగా ముఖ్యమైనది పనిని పంచుకునే పద్ధతి. ఒంట్లో కాస్త బాగుందనిపించిన రోజు ఇల్లంతా దులిపి, దుప్పట్లు ఉతికి, మరుసటి రెండు రోజులు లేవలేకపోవడం చాలామందిలో కనిపిస్తుంది. బాగున్న రోజునా బాగులేని రోజునా దాదాపు ఒకే మోతాదులో పని చేయడం నేర్చుకోవాలి. ఒంట్లో సత్తువ ఎక్కువగా ఉండే వేళ ఏదో వారం రోజులు గమనించి, ముఖ్యమైన పనిని ఆ వేళకు పెట్టుకోవాలి. కూరలు కూర్చుని తరుక్కోవాలి. పగటి నిద్ర తప్పనిసరైతే అరగంట లోపు, మధ్యాహ్నం మూడు లోపు ముగియాలి.

ఇక పథ్యం. కీమో అయినవారికి గుడ్డు వేడి అని, పెరుగు చలువ అని, మాంసం, వంకాయ, గోంగూర పడవని మానిపించి, చారన్నం, బార్లీ నీళ్ళు, పండ్ల రసాలతో నెలలు గడిపించే ఇళ్ళు ఎన్నో. కరిగిన కండ తిరిగి రావాలంటే మాంసకృత్తులు కావాలి. కిలో బరువుకు రోజుకు ఒక గ్రాముకు పైగా, వీలైతే ఒకటిన్నర గ్రాము దాకా తీసుకోవాలని పోషకాహార మార్గదర్శకాలు చెబుతాయి. 60 కిలోల మనిషికి అది 60 నుంచి 90 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. కాబట్టి పూటపూటకూ పప్పు, గుడ్డు, చేప, కోడిమాంసం, పెరుగు, శనగలు, వేరుశనగల్లో ఏదో ఒకటి కంచంలో ఉండేలా చూడాలి. సిస్‌ప్లాటిన్ వంటి మందులతో కిడ్నీలు దెబ్బతిన్నవారు మాత్రం డాక్టరు చెప్పిన మోతాదుకే పరిమితం కావాలి.

నీరసంగా ఉందని సెలైన్ ఎక్కించుకునే అలవాటు గురించి కూడా చెప్పాలి. అర లీటరు అయిదు శాతం గ్లూకోజ్ సీసాలో ఉండేది నీళ్ళు, 25 గ్రాముల చక్కెర. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోయినవారికి అది ప్రాణం నిలబెడుతుంది. కీమో తరువాతి నిస్సత్తువకు అది చికిత్స కాదు. దానితో పాటు పేరు చెప్పకుండా ఇచ్చే "బలం ఇంజెక్షన్" స్టెరాయిడ్ అయితే, రెండు రోజుల హుషారు తరువాత మిగిలేది పెరిగిన షుగరు, ఇంకా బలహీనపడిన తొడలు.

నొప్పి ఒకటి కాదు

నొప్పుల విషయంలో మొదట తేల్చుకోవాల్సింది అది నరానిదా, కీలుదా, కండరానిదా, కోత పెట్టిన చోటిదా అన్నది. ఎక్కువ కాలం బాధించేదీ, ఎక్కువగా అపార్థానికి గురయ్యేదీ నరాల నొప్పి. పాక్లిటాక్సెల్, డోసిటాక్సెల్, ఆక్సాలిప్లాటిన్, సిస్‌ప్లాటిన్, విన్‌క్రిస్టిన్, బోర్టెజోమిబ్, థాలిడొమైడ్ మందులు చేతులకూ కాళ్ళకూ వెళ్ళే నరాలను దెబ్బతీస్తాయి. 2014లో ప్రచురితమైన ఒక సమగ్ర విశ్లేషణ ప్రకారం ఇలాంటి మందులు తీసుకున్నవారిలో కీమో ముగిసిన నెల లోపు 68 శాతం మందికి, మూడు నెలలకు 60 శాతం మందికి, ఆరు నెలలు దాటాక కూడా 30 శాతం మందికి ఈ సమస్య ఉంది.

నష్టం కాలి వేళ్ళతో మొదలవడానికి కారణం ఉంది. నడుము దగ్గర వెన్నుపాము పక్కన ఉండే నాడీకణం నుంచి బొటనవేలి చివర దాకా వెళ్ళే తంతువు పొడవు దాదాపు మీటరు. దానికి కావలసిన సరుకంతా కణంలో తయారై, తంతువులోని సూక్ష్మనాళికల వెంట చివరిదాకా ప్రయాణించాలి. పాక్లిటాక్సెల్ క్యాన్సర్ కణాలను చంపేది ఆ సూక్ష్మనాళికల పనిని స్తంభింపజేయడం ద్వారానే, కాబట్టి నరంలోనూ రవాణా దెబ్బతిని, అన్నిటికంటే దూరాన ఉన్న చివర ముందుగా ఎండిపోతుంది. ఆక్సాలిప్లాటిన్, సిస్‌ప్లాటిన్ తీరు వేరు; వీటిలోని ప్లాటినం ఆ నాడీకణాల్లోనే పేరుకుని వాటి డీఎన్ఏను దెబ్బతీస్తుంది. అందుకే ఈ మందులు ఆపేశాక కూడా కొన్ని నెలలు తిమ్మిర్లు పెరుగుతూ పోవచ్చు. ఈ సంగతి ముందుగా తెలియని రోగి జబ్బు మళ్ళీ వచ్చిందేమోనని హడలిపోతాడు. చికిత్స ముగించే రోజునే డాక్టరు ఒక మాట చెప్పి పంపితే ఎంతో భయం తప్పుతుంది.

నరాల నష్టం రోజువారీ జీవితంలో ఎలా బయటపడుతుందో చూడండి. జాకెట్టు హుక్కులు పెట్టుకోలేరు, సూదిలో దారం ఎక్కించలేరు, బియ్యంలో రాళ్ళు చేతికి తగలవు. కాలి చెప్పు జారిపోయినా నాలుగడుగులు వేశాక గానీ తెలియదు. గ్యాస్ పొయ్యి మీది గిన్నె అంచు తగిలితే, బొబ్బ కనబడ్డాకే చేయి కాలిందని తెలుస్తుంది. వాష్‌బేసిన్ దగ్గర కళ్ళు మూసుకుని ముఖం కడుక్కుంటుంటే ఒళ్ళు తూలుతుంది. పాదం ఎక్కడుందో నరాలు చెప్పలేకపోవడం వల్ల, కళ్ళే ఆ పని చేస్తూ ఉంటాయి. కళ్ళు మూయగానే ఆధారం పోతుంది. ఈ చివరి లక్షణాన్ని చాలామంది బీపీ అనుకుంటారు. ఇలాంటివారు రాత్రిపూట బాత్రూం దారిలో చిన్న దీపం వెలిగించి ఉంచుకోవాలి.

మందుల్లో ఈ నొప్పి మీద పనిచేస్తుందని గట్టి ఆధారం ఉన్నది ప్రస్తుతానికి ఒక్కటే, డ్యులోక్సెటిన్. 2013లో 231 మందిపై జరిగిన ట్రయల్ ఫలితాల్లో, ఈ మందు తీసుకున్నవారిలో 59 శాతం మందికి, పోల్చి చూడటానికి ఇచ్చిన మందు లేని ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 38 శాతం మందికి నొప్పి కొంతైనా తగ్గింది. అమెరికన్ సొసైటీ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ 2020లో సవరించిన మార్గదర్శకాల్లోనూ సిఫారసుకు నోచుకున్న మందు ఇదొక్కటే. దీని మేలు ఓ మోస్తరే, అదీ నొప్పికి, మంటకు. మొద్దుబారిన స్పర్శను ఇది వెనక్కి తేలేదు. మొదట్లో వికారం, మగత ఉంటాయి. హఠాత్తుగా మానేయకూడదు. కాలేయం దెబ్బతిన్నవారికి తగదు. రొమ్ము క్యాన్సర్‌కు టామాక్సిఫెన్ వాడుతున్నవారు ఆ సంగతి తప్పక చెప్పాలి, ఎందుకంటే టామాక్సిఫెన్‌ను ఒంట్లో పనిచేసే రూపంలోకి మార్చే ఎంజైమును డ్యులోక్సెటిన్ కొంత అడ్డుకుంటుంది. ట్రమడాల్ నొప్పి మాత్రలతో కలిపి వాడటంలోనూ ప్రమాదం ఉంది.

మన దగ్గర మాత్రం ఈ తిమ్మిర్లకు ముందుగా చేతికొచ్చేవి నరాల బిళ్ళలు. వాటి అట్ట వెనుక వరుసగా అయిదారు పేర్లుంటాయి. ఆ పేర్లు చదవాలి. వాటిలో అసిటైల్-ఎల్-కార్నిటిన్ ఉంటే జాగ్రత్త పడాలి. 2013లో ప్రచురితమైన ట్రయల్‌లో, పాక్లిటాక్సెల్ తరహా మందులు తీసుకుంటున్న 409 మంది రొమ్ము క్యాన్సర్ మహిళల్లో నరాల నష్టాన్ని ఆపుతుందన్న ఆశతో దీన్ని ఇచ్చి చూశారు. 24 వారాలకు తేలిందేమిటంటే, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారి కంటే వీరిలో నరాల సమస్య ఎక్కువైంది. బి6 విటమిన్ కూడా పెద్ద మోతాదులో నెలల తరబడి వాడితే అదే స్వయంగా నరాలను దెబ్బతీస్తుంది. బి12 లోపం పరీక్షలో తేలినవారికి బి12 తప్పక కావాలి. లోపం లేనివారికి ఈ బిళ్ళలు కీమో నష్టాన్ని బాగుచేస్తాయనడానికి తగిన ఆధారం లేదు. షుగరు ఉన్నవారు దాన్ని అదుపులో పెట్టుకోవడం వీటన్నిటికంటే ముఖ్యం, అదే నరాన్ని అది కూడా కొరుకుతూ ఉంటుంది కాబట్టి.

స్పర్శ తగ్గిన పాదాన్ని కాపాడుకోవడం మందు కంటే తక్కువ పనేమీ కాదు. షుగరు రోగులకు చెప్పే జాగ్రత్తలే ఇక్కడా వర్తిస్తాయి. ఇంట్లో కూడా వెనుక పట్టీ ఉన్న మెత్తటి ఎంసీఆర్ (మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులు వేసుకోవాలి. రాత్రి పడుకునే ముందు అరికాళ్ళను చూసుకోవాలి, వంగలేకపోతే కింద అద్దం పెట్టుకుని చూడాలి. స్నానం నీళ్ళ వేడిని ఇంకొకరు చూడాలి, లేదా మోచేత్తో చూసుకోవాలి. ఆరోగ్యం కుదుటపడితే కాలినడకన తిరుమల కొండెక్కుతామనో, అరుణాచలంలో 14 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ చేస్తామనో మొక్కుకున్నవారు ఎంతోమంది. ఆ భక్తిని గౌరవిస్తూనే చెప్పాలి: స్పర్శ లేని పాదాలతో ఎండకు కాలిన దారిన చెప్పుల్లేకుండా నడిస్తే బొబ్బలెక్కి పుండు పడినా తెలియదు. కాలం గడిచి, పాదాలకు స్పర్శ వచ్చాక తీర్చుకునేలా మొక్కును వాయిదా వేసుకోవచ్చు.

కీళ్ళ నొప్పుల కథ వేరు. రొమ్ము క్యాన్సర్‌కు కీమో తరువాత అయిదేళ్ళో అంతకంటే ఎక్కువో వాడే లెట్రోజోల్, అనస్ట్రోజోల్ మాత్రలతో దాదాపు సగం మందికి కీళ్ళ నొప్పులు వస్తాయి. పొద్దున లేవగానే వేళ్ళు ముడుచుకోవు, మోకాళ్ళు బిగుసుకుపోతాయి, కాసేపు కదిలితే సడలుతాయి. ఇది కీమో మిగిల్చిన నొప్పి కాదని, రోజూ వేసుకుంటున్న మాత్రతో వస్తున్నదని తెలియక ఏళ్ళు గడిపేవారున్నారు. తెలిసినవారిలో కొందరు ఎవరికీ చెప్పకుండా మాత్ర ఆపేస్తారు. అది జబ్బు తిరగబెట్టే ప్రమాదాన్ని పెంచుతుంది. ఆ మాత్రకు బదులు ఇంకొకటి మార్చి చూడవచ్చు. 2015లో 121 మంది మహిళలతో జరిగిన ట్రయల్‌లో, వారానికి 150 నిమిషాల నడకతో పాటు రెండు రోజులు కండరాల వ్యాయామం చేసినవారిలో ఏడాదిలో ఈ నొప్పి తీవ్రత సుమారు 30 శాతం తగ్గింది. శస్త్రచికిత్స జరిగిన వైపు చంకలో, భుజంలో బిగువు, చేయి వాపు ఉంటే దానికి ఫిజియోథెరపిస్టు కావాలి. అది మాత్రలతో పోదు.

ఇన్ని కారణాలున్నాయి కదా అని ప్రతి నొప్పినీ పాత ఖాతాలో వేయకూడదు. కొత్తగా మొదలై రోజురోజుకూ పెరిగే వెన్నునొప్పి, పడుకుంటే ఎక్కువై నిద్ర లేపే నొప్పి, కాళ్ళలో సత్తువ తగ్గడం, మలమూత్రాలు అదుపు తప్పడం, కారణం లేకుండా బరువు తగ్గడం, విడవని తలనొప్పి, ఒక కాలే వాచి నొప్పెట్టడం, ఉన్నట్టుండి ఆయాసం రావడం, ఇవి కనిపిస్తే తదుపరి రివ్యూ తేదీ దాకా ఆగకూడదు. కాళ్ళు చచ్చుబడుతూ మూత్రం అదుపు తప్పితే ఆ రోజే, ఆ గంటే ఆసుపత్రికి చేరాలి.

ఏది ముందు, ఎన్నాళ్ళు

నొప్పి, నిద్ర, నిస్సత్తువ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. అరికాళ్ళ మంటతో రాత్రి నిద్ర పట్టని మనిషికి పగలు నడవమని చెప్పడం అన్యాయం. అలాంటప్పుడు ముందు నొప్పిని, దానితో పాటు నిద్రను దారికి తెచ్చి, ఆపైన నడక మొదలుపెట్టించాలి. ఎముకలకు పాకినట్టు అనుమానం లేకపోతే కీళ్ళ బిగువు మాత్రమే ఉన్నవారు ఆగనక్కర లేదు, కదిలితేనే వారికి మేలు. నొప్పికి వేసిన ప్రెగాబాలిన్‌తో పగలంతా మగతగా ఉంటే, అది నిస్సత్తువ పెరగడం కాదు, మోతాదు సరిచూసుకోవాల్సిన సమయం.

నొప్పి లొంగనప్పుడు పెయిన్ క్లినిక్‌కు గానీ, నొప్పినీ ఇతర బాధలనూ తగ్గించే పాలియేటివ్ కేర్ విభాగానికి గానీ పంపమని అడగవచ్చు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగం ఉంది. ఆ పేరు వినగానే చివరి దశ అనుకుని కుటుంబాలు బెదిరిపోతున్నాయి. జబ్బు నయమైనవారి నొప్పిని తగ్గించడం కూడా ఆ విభాగం పనే.

కాలం విషయానికొస్తే, ఎక్కువమందిలో నిస్సత్తువ మొదటి ఏడాదిలో క్రమంగా తగ్గుతుంది. తగ్గడం వారాల్లో కాక నెలల్లో కనిపిస్తుంది, మధ్యలో వెనకడుగులూ ఉంటాయి. నరాలు ఇంకా నెమ్మది. మంట, పోట్లు ముందు తగ్గుతాయి, మొద్దుబారడం ఆలస్యంగా తగ్గుతుంది, కొందరిలో కాలి వేళ్ళ దగ్గర శాశ్వతంగా ఉండిపోతుంది. అలా ఉండిపోయినవారు పనులు చేసుకునే తీరును మార్చుకోవాలి: హుక్కులకు బదులు అతుక్కునే పట్టీలు, పొడవాటి పిడి ఉన్న గరిటెలు, పట్టుకోవడానికి మందపాటి గుడ్డ, బాత్రూం గోడకు కమ్మీ.

రివ్యూకు వెళ్ళే ముందు రోజు ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసుకోవాలి. ఈ వారం నిస్సత్తువకు సున్నా నుంచి పది లోపు ఎన్ని మార్కులు వేస్తారు (నాలుగు గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే దాని గురించి ప్రత్యేకంగా మాట్లాడాల్సిందే). దానివల్ల ఏ పని ఆగిపోయింది. నొప్పి ఎక్కడ, ఎలా ఉంది: మంటా, తిమ్మిరా, పోటా, బిగువా. వాడుతున్న మందులన్నీ, ఆయుర్వేదం, పసరు, నరాల బిళ్ళలతో సహా. ఆ కాగితాన్ని స్కాన్ రిపోర్టు కంటే ముందుగా డాక్టరు చేతికివ్వాలి, ఎందుకంటే స్కాన్ బాగుందన్న మాట వినగానే కలిగే సంతోషంలో మిగతావేవీ అడగకుండానే గది బయటికి వచ్చేసేవాళ్ళే ఎక్కువ.